తిప్పని సెన్సర్

"రెండో బొమ్మ అబద్ధం సార్. సెన్సర్‌ను తిప్పనే లేదు," అని దయానందం నిండు మీటింగుల లేచి చెప్పిండు.

నీలవేణికి పానం పోయినంత పనైంది.

మొయినాబాద్‌ల ఫాంహౌజ్ కిరాయికి తీసుకొని వెంకటరావు సార్ పెట్టిన చిన్న ల్యాబ్ అది. నీలవేణి చేసిన సెన్సర్ పాసైతే ఉపగ్రహం మీద ఎక్కుతది. నాలుగేండ్ల సంది ఆమెకు అదే లోకం.

సెన్సర్ మీది గడులు మరీ సన్నం. నక్షత్రం నుంచి వచ్చిన ఎక్స్‌రే ఒక గడిని తాకితే పక్క గడి కూడ మెరుస్తది. ఏ పక్కది ఎక్కువ మెరిసిందో లెక్క తీస్తే, కిరణం ఎటు ఊగుతున్నదో తెలుస్తది.

అది కిరణం ఊగుడేనా, చిప్‌ల దోషమా? తేలాలంటే సెన్సర్‌ను అడ్డం తిప్పి మళ్ల కొలవాలె. కిరణందైతే రెండో బొమ్మ కూడ తిరుగుతది, చిప్‌దైతే తిరగది. సెన్సర్ ఉన్న పెట్టె విప్పి, తిప్పి, మళ్ల చల్లబరిచేసరికి రెండు దినాలు. మీటింగేమో తెల్లారే.

అందుకే ఆమె మొదటి బొమ్మనే కంప్యూటర్ల తిప్పి రెండోదని పెట్టింది.

చూసింది దయానందం ఒక్కడే. రీడింగులు తీసేతందుకు కాంట్రాక్టు మీద వచ్చిన ముసలాయన. వద్దు బిడ్డా అన్నడు గని, ఆమె బతిమాలితే ఊకున్నడు. రెండు నెలల సంది ఆమె తెచ్చిన సద్దిలనే ఇంత తినేటోడు.

బొమ్మ తిప్పిందెవరని, సెన్సర్‌ను పరీక్ష చేయవచ్చిన ఉపగ్రహం పెద్దలు అడుగుతుంటెనే నీలవేణి లేచి బయటికి నడిచింది. పంపుకాడ ముఖం కడుక్కుంట ఏడ్చింది.

మీటింగు అయినంక సార్ వచ్చి, మూడు నెలలు గడువిచ్చారమ్మా, ఈసారి దగ్గరుండి చూసుకో, అన్నడు. ఒక్కమాట తిట్టలే. సార్‌ది ఎంత పెద్ద మనసు అనుకున్నది.

దయానందం సంచి పట్టుకొని గేటుకాడ నిలబడ్డడు. పనిల నుంచి తీసేసిన్రట.

"పెట్టె స్క్రూలు డబ్బల ఏసిన బిడ్డా. పైలంగ తిప్పు."

"నా సద్ది తిని నా నోట్లనే మన్ను గొట్టినవ్."

ఆయన తలకాయ వంచుకొని చేవెళ్ల బస్సెక్కిండు.

వారం తర్వాత ఆమె సెన్సర్‌ను తిప్పింది. సెన్సర్ తిరిగినా బొమ్మ తిరగలే. దోషం చిప్‌దే. అట్లనే పైకి పోతే నక్షత్రాల మీద అబద్ధాలు చెప్పుకుంట తిరిగేది.

దోషం సరిచేసింది. సెన్సర్ పాసైంది. అయినా దయానందం మీద మంట సల్లారలే. నాకు చెప్పి ఒప్పించొచ్చు గద, నలుగుర్ల ఇజ్జత్ ఎందుకు తీసిండు?

చేవెళ్లల ఆయన కిరాయికున్న ఇంటామె సుగుణమ్మ ఒకసారి బస్సుల కలిసింది. ఏ ల్యాబూ పనియ్యలేదట, రూం ఖాళీ చేసి ఏడికో పోయిండట. ఎందుకియ్యలేదని నీలవేణి అడుగలే.

ఉపగ్రహానికి కాయిదాలు పంపేటప్పుడు పాత మీటింగు ఫైలు తెరిచింది.

అండ్ల దయానందం దస్కతు కింద ఒక్క ముక్క ఉన్నది: "కంప్యూటర్ల బొమ్మ తిప్పింది నేను, నీలవేణికి ఎరుక లేదు."