మా ఇంతి సంగతులు

"ఏందన్నా, గీమెకు నత్తి గిట్ల ఉన్నదా?" అంటూ రాములు తెరను సూరి వైపు తిప్పాడు.

లంచ్ టైమైతే చాలు, ఆఫీసంతా ఆ బ్లాగు మీదే పడుతోంది. దాని పేరు 'మా ఇంతి సంగతులు'. రాసేదెవరో ఎవరికీ తెలియదు. ఎవరో పెళ్లాన్ని ముద్దుగా ఇంతీ అని పిలుచుకునే మొగుడు కాబోలని నవ్వుకుంటూ తెరిచేవాళ్లు. చదివాక ఆ నవ్వు నిలిచేది కాదు.

'ఆయన కొత్తరు, తిత్తరు. చూస్తారు. నా సెల్లు చూస్తారు, నా సంచి చూస్తారు. నేను ఎవరితో మాత్లాదినా పక్కగదిలోంచి వింతారు. ఈ గోదలకి కూదా ఆయన కల్లే.'

సూరి చదివి నిట్టూర్చాడు. "నత్తి కాదు రాములూ. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చే పద్ధతి ఇది. చిన్న టీ కొడితే త, పెద్ద టీ కొడితే ట. డ కావాలన్నా అంతే. ఆవిడ కీబోర్డులో షిఫ్ట్ పోయింది, పెద్దక్షరం పడదు. పేరు కూడా ఇంతి కాదు, ఇంటి."

"మా ఇంటి సంగతులా? కొట్టడు, తిట్టడంట. సూస్తనే సంపుతున్నడు పాపం. ఆడు జెర దొరకాలె."

"దొరికితే నేనే నాలుగు తగిలిద్దును," అన్నాడు సూరి. మనస్ఫూర్తిగానే అన్నాడు.

"మరి గిది సూసినవా? ఇప్పుడే పెట్టింది."

కొత్త పోస్టులో ఉన్నది ఒక్క వాక్యమే. 'రేపతి నుంచి నేను ఉందను.'

సూరి మళ్లీ చదివాడు. ఉండను అంటోంది. ఇల్లు విడిచి ఉండదో, ప్రాణంతోనే ఉండదో ఎవరికి తెలుసు?

సికింద్రాబాద్ స్టేషనుకు రెండు వీధుల అవతల, బీమా కాగితాలు కంప్యూటర్లోకి ఎక్కించే కంపెనీ అది. యంత్రాలన్నీ సూరి చేతి మీద నడుస్తాయి. ఎవరి తెర మీద ఏముందో సీట్లోంచి కదలకుండా చూడగలడు. అది దొంగచూపని వెనకాల గొణిగేవాళ్లు లేకపోలేదు. జీతం ఇచ్చేదే అందుకని అతని జవాబు.

షిఫ్ట్ పోయిన కీబోర్డు అనుకోగానే అతని మనసులో తోటి ఉద్యోగిని బ్యూలా మెదిలింది. కిందటి వేసవిలో కంపెనీ పాత కంప్యూటర్లు తీసేస్తే, స్టాఫంతా తలా ఒకటి ఇళ్లకు పట్టుకెళ్లారు. పంచింది సూరే. టీ ఒలికి పాడైన కీబోర్డు బ్యూలా వాటాకు వచ్చింది. ఈమధ్య ఆమె కళ్లు ఎప్పుడు చూసినా ఎర్రగా ఉంటున్నాయి. ఇవాళ సెలవు కూడా పెట్టింది.

సాయంత్రం వరకూ ఆగలేకపోయాడు. మేనేజరుకు తలనొప్పని చెప్పి మల్కాజ్‌గిరి లోకల్ ఎక్కుతుంటే భార్య దేవి ఫోను చేసింది.

"ఎక్కేసేనండి బస్సు. బోయిన్‌పల్లి అక్క దగ్గరకెళ్తానని పొద్దున్న చెప్పేను కదా."

"హారన్ ఒకటీ వినపడట్లేదేటి?"

"ఆగుందండి."

"సరే, చేరగానే మీ అక్క లోవలక్ష్మి చేత ఒకసారి మాట్లాడించు."

"అలాగేనండి," అంది దేవి. "అన్నం మూతేసి ఉంచేను. తినండి."

మల్కాజ్‌గిరిలో తలుపు తీసినవాడు బ్యూలా భర్త ఎరిక్. సూరి అతన్ని పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు. "ఏమీ అనుకోకండి బ్రదర్. మీ మిసెస్‌ని ఈ రాత్రి ఒంటరిగా వదలకండి. ఆవిడ బ్లాగులో రాసింది నేను చదివాను."

"ఏం బ్లాగు?" అన్నాడు ఎరిక్ మొహం గంటు పెట్టుకుని.

లోపల్నుంచి బ్యూలా వచ్చింది. విషయం వినేసరికి ఆమెకు ఒళ్లు మండింది. "సూరిగారూ, మా అమ్మ వారం నుంచి ఆస్పత్రిలో ఉంది. రాత్రుళ్లు అక్కడే కూర్చుంటున్నాను. నా కళ్ల రంగు కూడా మీ డ్యూటీయేనా?"

"అది కాదు, మీ కీబోర్డులో షిఫ్ట్ పనిచేయదు కదా..."

"ఆ రోజే చెప్తే మీరే మార్చి ఇచ్చారు. మర్చిపోయారా?"

అవును, ఇచ్చాడు. ఆ హడావిడిలో చేతికందింది తీసి ఇచ్చేశాడు. పాతది ఏం చేశాడో గుర్తు రాలేదు. ఎరిక్ మాత్రం గుమ్మంలో నిలబడి, భార్యను కొత్త మనిషిని చూసినట్టు చూస్తున్నాడు. సూరి తలొంచుకుని మెట్లు దిగాడు.

కాప్రాలో ఇల్లు చేరి తాళం తీసేసరికి దీపాలు పెట్టే వేళయింది. ఇల్లంతా ఎన్నడూ లేనంత పొందిగ్గా సర్ది ఉంది. అన్నం మీద మూత అలాగే ఉంది. అతనికి తినబుద్ధి కాలేదు. ఈ ఊళ్లోనే ఎక్కడో ఒక ఆడమనిషి ఆఖరి పొద్దు చూసుకుంటోందేమోనని దిగులుతో కడుపు నిండిపోయింది. అక్కచేత దేవి మాట్లాడించలేదన్న సంగతే మరిచిపోయాడు.

కనీసం ఒక్క మాటైనా ఆమెకు చేరాలని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఇంట్లో అతను ఎప్పుడూ మౌస్ తప్ప ముట్టడు. దేవి ఏయే పేజీలు తెరిచిందో వారానికోసారి చూసుకుంటాడు, పాటలు తప్ప ఏమీ కనబడవు, తృప్తిగా లేస్తాడు. రాసే పని పడడం ఇదే మొదలు.

బ్లాగు తెరిచి, చెప్పాలనుకున్న వాటన్నిటిలోంచి ఒక్క మాట ఏరుకున్నాడు. 'తొందరపడకు' అని, పెద్ద డీ కోసం షిఫ్ట్ గట్టిగా నొక్కిపట్టి మరీ కొట్టాడు.

తెర మీద 'తొందరపదకు' అని పడింది.