చెప్తే వినని మనిషి

పెద్దాయనకు కొడుకు కొన్న కొత్త ఫోను ఇంట్లోకి వచ్చింది ఆగస్టు తొమ్మిదో తేదీన. ఆ పూట కోడిగుడ్డు కూర అడుగంటింది. ముగ్గురూ పైపైన ఉన్నది వడ్డించుకుని తిన్నారు.

చెయ్యి కడుక్కొచ్చి పెద్దాయన తన పాత ఇయర్‌ఫోన్లు తీశాడు. ఫోనును పైకీ కిందికీ తిప్పి చూశాడు. పక్కలు తడిమాడు.

“దీనికి చిల్లేదిరా?”

“ఇప్పుడు వచ్చేవాటికి ఉండదు నాన్నా. వైరు లేనివి వాడాలి. కొనిస్తాలే.”

“చెవిలో బఠాణీ గింజ దోపుకున్నట్టు ఉంటాయి అవి. నాకొద్దు.”

“పోనీ, మధ్యలో తగిలించే చిన్న ముక్క ఒకటి దొరుకుతుంది. ఛార్జింగ్ పెట్టే చోట అది గుచ్చి...”

“వద్దన్నానా?”

కొడుకు భార్య వైపు చూశాడు. చెప్తే వినని మనిషి అని ఆ చూపుకు అర్థం. ఆ ఇంట్లో ఆ చూపు పాతదే.

పెద్దాయన టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో చేసి రిటైరయ్యాడు. ఏళ్ల తరబడి ఊరందరి మాటలూ ఆయన చేతి మీదుగా వెళ్లాయి. ఒక్కటీ చెవిన పెట్టలేదని ఆయనకు గర్వం.

భార్య పోయాక సాయంత్రాలను పాటలే నెట్టుకొచ్చాయి. హాల్లో కిటికీ పక్క కుర్చీ, చెవుల్లో ఇయర్‌ఫోన్లు. ఇప్పుడు పాట పోయినా అలవాటు పోలేదు. చెవులకు తగిలించుకుని, వైరు కొసను ఫోనుతో పాటు చొక్కా జేబులో పడేసుకుని కూర్చునేవాడు. అలా ఉంటే ఎవరూ పలకరించరు. అలసిన మనిషికి అదీ ఒక సుఖమే.

“ఆ ముక్క దొరికిందా మామయ్యా?” అని కోడలు అడిగింది.

“ఆఁ, నేనే కొనుక్కున్నాలే,” అన్నాడు.

“మంచిది,” అని ఆమె లోపలికి వెళ్లిపోయింది.

ఆమె కొరియర్ ఆఫీసు కౌంటర్లో పనిచేస్తుంది. పొద్దుగూకాక కాళ్లీడ్చుకుంటూ వస్తుంది. కొడుకు వచ్చేది ఇంకా పొద్దుపోయాక. ఆ వారం నుంచే అనుకుంటా, స్టవ్ వెలిగించి ఫోనును చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకోవడం మొదలైంది. అవతల బుజ్జి అని ఎవరో స్నేహితురాలు.

మొదటి రోజు పెద్దాయన, వినడం తప్పు అనుకుని, లేచి బాల్కనీలోకి వెళ్లబోయాడు.

“నడుం పడిపోతోందే బుజ్జీ. ఆఫీసుకెళ్లే ముందు ఆ బట్టలు ఆరేసేసరికే సగం ప్రాణం పోతోంది.”

ఆయన మళ్లీ కూర్చున్నాడు.

మర్నాడు ఆమె స్నానం చేసి వచ్చేసరికి బట్టలు తీగ మీద ఉన్నాయి. వంకరటింకరగా.

“మీకెందుకు మామయ్యా శ్రమ?”

“తోచక.”

ఇంకో సాయంత్రం, “మామయ్యగారు రాత్రిళ్లు సరిగా తినడం లేదే. అడిగితే కసురుతారేమోనని నాకు భయం,” అంది వంటింట్లో. ఆ రాత్రి ఆయన రెండోసారి అడిగి వేయించుకున్నాడు.

ఎక్స్ఛేంజీ మనిషి కదా, అవతలి గొంతు ఎలా ఉంటుందోనని ఒక్కోసారి చెవి రిక్కించేవాడు. గుసగుసైనా బయటికి వచ్చేది కాదు. ఎవరో గానీ చాలా నెమ్మదస్తురాలు అనుకునేవాడు.

లిఫ్టు లేని మూడో అంతస్తు వాళ్లది. కొన్నాళ్లుగా మెట్లెక్కుతుంటే ఆయన ఛాతీ పట్టేస్తోంది.

“గుండె డాక్టరుకు చూపిద్దాం నాన్నా.”

“మీ అమ్మను నడిపించుకుంటూ తీసుకెళ్లి, మోయించుకుంటూ తెచ్చుకున్నాం. ఆ గుమ్మం నేను తొక్కను.”

“మొండితనం కాదూ ఇది?”

“అవును, మొండితనమే. పో, పడుకో.”

మర్నాటి సాయంత్రం వంటింట్లో గిన్నెల చప్పుడు తక్కువగా ఉంది.

“ఏం చెప్పమంటావే బుజ్జీ! మెట్ల మీద ఛాతీ పట్టుకుని నిలబడిపోయారు. నన్ను చూడగానే బూటు లేసు కట్టుకుంటున్నట్టు వంగారు. కాళ్లకున్నవేమో హవాయి చెప్పులు!”

పెద్దాయన కాళ్లు కుర్చీ కిందికి లాక్కున్నాడు.

“మా ఆయన అరుస్తారు, ఈయన బిగుసుకుంటారు. మధ్యలో నేనేమనగలను? తలుపు తీయగానే ‘వచ్చావా అమ్మాయ్’ అనే గొంతు ఈ ఇంట్లో అదొక్కటే. అది కూడా లేకపోతే...”

కుళాయి తిప్పిన చప్పుడు. తర్వాత చాలాసేపు నీళ్ల చప్పుడే.

పొద్దున్నే ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఎవరికీ చెప్పకుండా బయల్దేరాడు. డాక్టరు పరీక్ష చేసి, ఇంటికి పంపకుండా ఉంచేసుకున్నాడు. మూసుకుపోబోతున్న రక్తనాళంలో స్టెంటు వేశారు.

“ఇంకాస్త ఆలస్యం చేసి ఉంటే మీరిలా నడిచి వచ్చేవారు కాదు,” అన్నాడు డాక్టరు.

ఇంటికి తీసుకొచ్చాక కొడుకు ఆగలేకపోయాడు. “నేనంత మొత్తుకుంటే వినలేదు. ఎవరు చెప్తే వెళ్లావు నాన్నా?”

“నాకే బుద్ధి పుట్టింది. ఒకళ్లు చెప్తే వినే రకమా నేను?” అంటూ పెద్దాయన ఇయర్‌ఫోన్లు తగిలించుకున్నాడు.

వంటింట్లోంచి గొంతు వినిపించింది. “వెళ్లొచ్చారే! ఎవరూ చెప్పకుండానే... ఆఁ, బాగున్నారు. ఇక మందులు వేళకు వేసుకుంటే చాలు. ఉంటా మరి బుజ్జీ.”

ఆయన లేచి వెళ్లి మాత్ర వేసుకున్నాడు.

భోజనాలయ్యాక కోడలు హాల్లో మామగారి కాళ్ల మీద దుప్పటి సర్దింది. లైటు తీసేసి తమ గదిలోకి వచ్చింది. భర్త మంచం మీద కూర్చుని ఏదో ఆలోచిస్తున్నాడు.

“ఇంతకీ ఎవరే ఈ బుజ్జి? నాకెప్పుడూ చెప్పలేదే?”

“ఎవరూ లేరండీ, కాస్త మెల్లగా మాట్లాడండి, మీ నాన్నగారికి అన్నీ వినిపిస్తాయి,” అంటూ ఆమె చప్పుడు కాకుండా తలుపు వేసింది.