రెండో ఈల

“ఈల వేసి మరీ గోల్ అంటావేంటి మామా?” గోల్‌కీపర్ యనీరా రిఫరీ యుస్తాకియో మీదికి వెళ్లింది. “ఈల వినబట్టే కదా నేను చేతులు దించాను! బంతి లోపలికొచ్చింది ఆ తర్వాత.”

“నా ఈల... జేబులో ఉందే పిల్లా.”

“మా పదకొండు మందికీ వినపడింది!”

పొటోసీ కొండల్లోని ఓ ఊరి మైదానం దుమ్ములో, గోల్‌పోస్టుకు కట్టేసిన బహుమతి గొర్రె తప్ప అందరూ అరుస్తున్నారు. యుస్తాకియో జేబులోంచి ఈల తీసి చూపించాడు. సరిగ్గా అప్పుడే మళ్లీ ఈల మోగింది. పావడాల్లోనే ఆడి, ఇప్పుడు కొట్లాడుకుంటున్న ఇరవై రెండు మంది ఆడవాళ్లూ ఠక్కున ఆగిపోయారు.

“రెండోది ఎక్కడ దాచావు?” యనీరా అతని జేబులన్నీ తడిమింది. చివరికి ఛాతీకి చెవి ఆనించింది.

ఈల అక్కడుంది. అతను గాలి వదిలినప్పుడల్లా మోగుతోంది.

యనీరా ఆ ఊరి నర్సు. గొంతు తగ్గించింది. “మామా, తెల్లవారుజామున దగ్గొస్తోందా?”

“చలికి... ఎవరికైనా...” మాట పూర్తి కాలేదు.

“ఛాతీ పట్టేసినట్టుందా?”

“చొక్కా... బిగుతు. మా తమ్ముడిది.”

“వదలకు యనీరా!” వెనక నుంచి ఆమె జట్టు అరిచింది. “ఈల వేశానని ఒప్పుకునేదాకా వదలకు!”

యనీరా గొర్రె వైపు ఒక్కసారి చూసింది. యుస్తాకియో చేతిలోని ఈల లాక్కుని గట్టిగా ఊదింది.

“గోల్ నిజమే! ఈల వేసింది మామ కాదు, మామ ఉబ్బసం. గొర్రె వాళ్లది. మన జీపు మాత్రం ముందు మామని ఆస్పత్రికి తీసుకెళ్లాలి!”