చెయ్యి వదిలితే

“సెయ్యి ఒగ్గేస్తే ఆగుతాదా బాబూ?”

జగ్గమ్మ అదే మాట మళ్లీ అడిగింది. నరసింగరావుకి విసుగొచ్చింది. ఆమదాలవలస స్టేషను వెనక మడిలో రెండు చేతి ట్రాక్టర్లు అమ్మకానికి పెట్టి, పొద్దున్నుంచి వచ్చిన రైతుకల్లా నడిపి చూపిస్తున్నాడు. మగాళ్లందరూ ఎన్ని హార్సుపవరు, డీజిలు ఎంత తాగుతుంది అని అడిగారు. ఈవిడకి మాత్రం క్లచ్చి తప్ప ఇంకేమీ పట్టలేదు.

దానికి కారణం ఉంది. కిందటేడు నాట్లకి ముందు మడి దున్నే దమ్ముల్లో ఆమె మొగుడు కూర్మయ్య ఇలాంటి బండి కిందే పోయాడు. రోజూ బండి తోలేది కూర్మయ్యే. ఆ ఒక్క పూట పిడి తమ్ముడు సోములుకిచ్చి, దారికి అడ్డమొచ్చిన గడ్డి తియ్యడానికి ముందుకెళ్లి వంగాడు. “గబుక్కున సెయ్యి ఒగ్గేసినాను, బండి ఆగనేదు” అని సోములు గుండెలు బాదుకుని ఏడ్చాడు. ఊరంతా అతన్ని చూసి జాలిపడింది. జగ్గమ్మ కూడా పడింది. ఆమె ఆ వేళ దూరంగా ఆకుమడిలో నారు తీస్తోంది. ఆ బండిని గట్టు మీంచి చూడ్డమే తప్ప ఏనాడూ ముట్టుకోలేదు. చావు తెచ్చిన బండి వాకిట్లో ఉండకూడదని, దినాలు కాకముందే సోములు దాన్ని సాలూరు తోలుకెళ్లి అమ్మేశాడు.

ఇప్పుడు మళ్లీ దమ్ములొచ్చాయి. ఊరి పెద్దలు కూర్చుని తేల్చేశారు. కొత్త బండి కొనాలి. జగ్గమ్మ వాటా భూమి సోములు పేర రాయాలి. ఆమె బతికినన్నాళ్లూ తిండిగింజలు సోములు కొలవాలి. పిల్లల్లేని ఆడది ఒంటరిగా వ్యవసాయం ఏం చేస్తుందన్నారు. రేపే వేలిముద్ర. జగ్గమ్మ ఎదురు చెప్పలేదు. బండి మాత్రం తన కళ్లతో చూశాకే వేలిముద్ర వేస్తానంది. ఆమెకి కొన్నాళ్లుగా నిద్ర పట్టడం లేదు. ఎందుకని ఎవరూ అడగలేదు.

“ఈ గోలంతా మనకెందుకు వదినా? ఆ కర్ర లివరు బండి కొనీసి బేగి పోదాం. రైలొచ్చీ వేళయినాది,” అన్నాడు సోములు. ఎండకి కాబోలు, చొక్కా తడిసి ముద్దయింది.

“ఉండరా. మీ అన్నలాగ ఇంకోడు పోకూడదు కదా.”

సోములు తల దించుకున్నాడు.

నరసింగరావు మొదటి బండి పట్టుకున్నాడు. “ఇదిగోనమ్మా, పిడి కింద ఈ క్లచ్చి రేకుందే, దీన్ని పిడితో కలిపి బిగించి పట్టుకున్నంతసేపే నడుస్తుంది. వదిలారా, అంతే.”

వదిలాడు. బండి జానెడు జరిగి నిలబడిపోయింది.

“మళ్లీ ఒగ్గు బాబూ.”

మళ్లీ వదిలాడు. మళ్లీ ఆగింది.

“భద్రమే గానీ చేతికి నరకం,” అంటూ తన అరచెయ్యి చాపి చూపించాడు. వేళ్ల మొదట్లో వరసగా బొబ్బలు లేచి ఉన్నాయి. “నాగలి పట్టిన చేతులకైనా ఇవి తప్పవు.”

రెండో బండికి కర్రలాంటి పొడుగాటి లివరుంది. ముందుకి తోస్తే నడుస్తుంది. వెనక్కి లాగేదాకా నడుస్తూనే ఉంటుంది. నరసింగరావు రెండు చేతులూ వదిలేసి, దర్జాగా సిగరెట్టు వెలిగించాడు. బండి తన మానాన తాను పోయి గట్టుని గుద్దుకుంది. గుద్దుకున్నాక కూడా చక్రాలు బురదని చిమ్ముతూనే ఉన్నాయి. జగ్గమ్మ కళ్లు గట్టిగా మూసుకుంది.

అతను పరుగున వెళ్లి లివరు లాగాడు. “సుఖం చూశారా? ఏడాదంతా దున్నినా అరచేతికి మచ్చ పడదు.”

“ఓపాలి నానూ పట్టుకుంటాను.”

గట్టు మీది రైతులు నవ్వారు. జగ్గమ్మ చీర ఎగదోపుకుని బురదలో దిగింది. మొదటి బండిని కుడిచేత్తో పట్టి మడి ఆ చివరికీ ఈ చివరికీ నడిపి, కాలవలో చెయ్యి కడుక్కుని అరచెయ్యి చూసుకుంది. వేళ్ల మొదట్లో ఎర్రగా కందిపోయింది. రెండో బండి ఎడమచేత్తో నడిపి, ఆ చెయ్యీ చూసుకుంది. ఏమీ లేదు. సోది చెప్పే మనిషిలాగ ఆ చూపేమిటని ఎవరో హాస్యమాడారు. ఆమె రెండు చేతులూ పక్కపక్కన పెట్టుకుని మార్చి మార్చి చూసుకుంది.

“సోములూ, మన బండి ఇందులో ఏ రకంరా?”

“ఈ కర్ర రకమే వదినా. ఒగ్గేసినా ఆగదు. అప్పుడే సెప్పినాను కదా.”

“సరిగ్గా సూసి సెప్పు.”

“అన్న మీద ఒట్టు. నా సేతుల్తో పట్టుకున్న బండి నాకు తెలీదేటి? ఆ పిడి బండే అయితే, నాను ఒగ్గీగానే ఆగును. అన్న బతికే ఉండేవోడు.”

సోములు తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు. గట్టు మీది రైతులు కూడా అయ్యో అనుకున్నారు. నరసింగరావు సిగరెట్టు పారేసి, “ఏ బండి ఖాయం చెయ్యమంటారమ్మా?” అన్నాడు.

జగ్గమ్మ మరిది ముఖంలోకే చూసింది.

“ఒరే సోములూ, పోయినేడు దమ్ముల్లో రోజూ మీ అన్నకి సేతి యేళ్ల మొదట్లో వరసగా లేసిన బొబ్బలకి ఆవదం రాసింది నానేరా.”