తొందరపెట్టని మనిషి

"రెండు నెలలా మేడంగారూ! నే... నేనేమైపోవాలండీ?"

అంజిబాబు కంగారు చూసి కృపావతికి నవ్వొచ్చింది. అమలాపురంలో నత్తి పోవడానికి శిక్షణ ఇచ్చేది ఆవిడే. కూతురి పురిటికి విశాఖపట్నం వెళ్తోంది.

"ఏమీ అయిపోరు. రోజూ ఎవరితోనైనా కాసేపు మాట్లాడండి. తొందరపెట్టని మనిషిని చూసుకోండి, చాలు."

అంబాజీపేటలో అలాంటి మనిషి దొరకడమే కష్టమైంది. మావయ్య కొబ్బరి కొట్లో అందరికీ తొందరే. అంజిబాబు "లా..." అనేసరికి, "లారీ వచ్చిందా?" అని మావయ్యే ముగించేసేవాడు.

"దసరా నుంచి ఫోన్లో బేరాలు నువ్వే మాటాడాలిరా. కాదంటే ఇంకొకణ్ణి పెట్టుకుంటాను" అని కూడా అనేశాడు.

చివరికి ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూత్‌లో దొరికింది లీలావతి. కొత్తగా చేరింది. ఎవరేమడిగినా తలూపి, మీటరు చూపించి, బిల్లు చింపి ఇచ్చేది. పొగరని ఊళ్ళో అనుకునేవారు.

"రా... రాజమండ్రి లైను కలవలేదండీ. కా... కాసేపు కూర్చోనాండీ?"

ఆమె స్టూలు జరిపింది.

ఆ రోజు నుంచి అంజిబాబు మధ్యాహ్నం భోంచేసి బూత్‌కి వెళ్ళేవాడు. పీచు ధర దగ్గర్నుంచి మావయ్య గురక దాకా అన్నీ చెప్పేవాడు. మధ్యలో మాట ఆగిపోతే ఆమె నవ్వేది కాదు, మాట అందించేది కాదు. ఇరుక్కున్న మాట తనదే అయినట్టు ఎదురుచూసేది. అది బయటపడగానే ఆమె ముఖం విప్పారేది.

దసరా ముందు మావయ్య పక్కన నిలబడి ఉండగా అంజిబాబు బూత్ నుంచి హైదరాబాద్ వ్యాపారికి ఫోన్ చేశాడు. రెండు లారీల కాయ బేరం మాట ఎక్కడా ఆగకుండా కుదిర్చేశాడు. మావయ్య నోరు తెరుచుకుని ఉండిపోయాడు. లీలావతి చప్పట్లు కొట్టింది.

ఆ వారమే కృపావతి తిరిగొచ్చిందని తెలిసింది. ఆవిడకి ఈ కబురు చెప్పాలని అంజిబాబు పొద్దున్నే బస్సెక్కాడు. వెళ్ళేసరికి వరండాలో బెంచీ మీద లీలావతి కూర్చుని ఉంది.

"మీరా! మీరెందుకొచ్చేరండీ? మేడంగారు చుట్టాలాండీ?"

ఆమె అడ్డంగా తలూపింది. నిదానంగా ఊపిరి తీసుకుంది. అంజిబాబు ఆగాడు.

"నా... నా... నాక్కూడా నత్తేనండీ!"