బొటనవేలి పరీక్ష

వీరేంద్ర సైకిలు ముందు టైరుకు గాలి కొట్టడం అది నాలుగోసారి.

ముప్పై పెట్టాడు. లేచి రెండడుగులు వేశాడు. వెనక్కొచ్చి ముప్పై రెండు చేశాడు. గాలి మీటరు పీకి, మళ్ళీ పెట్టి చూశాడు. ముప్పై రెండే. కాకపోతే ఎక్కడికి పోతుంది! అయినా మనిషికి కుదురు లేదు.

కుదురెలా ఉంటుంది మరి? ఇంకో అరగంటలో చెల్లెలు దుర్గ పోటీ. సింహాచలం కొండ వెనక జీడితోటల మధ్య, రాళ్ళ దారిలో ఆరు కిలోమీటర్ల సైకిల్ పందెం. మొదట వచ్చిన ఒక్కరికే హిమాచల్‌లో శిక్షణ. తిండీ, బసా, కొత్త సైకిలూ అన్నీ వాళ్ళవే. పోయినేడు ఇదే దారిలో దుర్గ పడి భుజం ఎముక విరగ్గొట్టుకుంది. ఈసారీ పోయిందంటే ఇక వయసు దాటిపోతుంది, పేరు కూడా తీసుకోరు.

రాత్రి వాన పడింది. రాళ్ళు నల్లగా తడిసి మెరుస్తున్నాయి.

"అన్నియ్యా, ఇరవై రెండుకి దింపీ," అంది దుర్గ. "టైరు కొంచెం మెత్తగుంటే రాయిని పట్టుకుంటాది. పోయినేడు గట్టిగుండబట్టే కదా ఎగిరి పడ్డాను!"

"నువ్వు పడింది బ్రేకు లేటుగా వేసి. నాకు సెప్పకు. పోర్టులో లారీ టైర్లతో పదేళ్ళయి సస్తన్నాను. గట్టిగుంటేనే బండి పరిగెడతాది. మెత్తబడిందంటే ఎనకబడిపోతావ్, అంతే!"

నలభై ఎనిమిది కిలోల పిల్లకీ నలభై టన్నుల ట్రైలరుకీ ఒకటే న్యాయమా నాయనా అని అడిగే నాథుడు లేడక్కడ.

పక్కనే వాళ్ళమ్మ చిట్టమ్మ నిలబడి ఉంది. ముప్పై ఏళ్ళుగా హార్బరులో చేపలమ్ముతున్న మనిషి. బొటనవేలితో నొక్కి చూడనిదే వంజరం ముక్కైనా తట్టలో వేసుకోదు. కూతురి పందేనికి రావడం ఇదే మొదటిసారి. దారంతా ఆటోలో ఒక్కటే ప్రశ్న వేసింది.

"నెగ్గితే ఎన్నాళ్ళుండాల అక్కడ?"

"ఏడాది. బాగా తొక్కితే ఇంకా ఉంచుతారు," అన్నాడు వీరేంద్ర.

ఇప్పుడు చిట్టమ్మ వంగి టైరును బొటనవేలితో నొక్కింది.

"గట్టిగున్నాది. తాజా సేపలాగున్నాది," అంది.

"సూసావా, అమ్మకున్న తెలివి నీకు లేదు!" అన్నాడు వీరేంద్ర. దుర్గ మూతి ముడుచుకుని హెల్మెట్ తెచ్చుకోవడానికి పోయింది.

అవతల హేమశ్రీ అనే పిల్ల సైకిలు సరిచేస్తూ జగ్గారావు ఉన్నాడు. ద్వారకా నగర్‌లో సైకిల్ షాపు ఆయనది. మాటిమాటికీ ఇటే చూస్తున్నాడు. వీరేంద్ర మీటరు జేబులో పెట్టేసుకున్నాడు.

నంబరు చీటీలు తీసుకోమని మైకులో పిలిచారు.

"అమ్మా, ఇక్కడే కూకో. ఆ జగ్గారావు గానీ, ఇంకెవులు గానీ సైకిలు మీద సెయ్యేసారంటే ఊరుకోకు."

"ఎవుల్నీ ముట్టనివ్వను. నువ్వెళ్ళు."

చీటీల దగ్గర బారెడు లైను. వీరేంద్ర వెనక్కి తిరిగి మూడుసార్లు చూశాడు. మొదటిసారి చిట్టమ్మ కొంగు కప్పుకుని చక్రానికి ఆనుకుని కూర్చుంది. రెండోసారి జారిన జుట్టు ముడి సరిచేసుకుంటోంది. మూడోసారి సైకిలుకు దండం పెడుతోంది. పిచ్చి తల్లి, అనుకున్నాడు. కళ్ళు చెమ్మగిల్లాయి.

అతను వచ్చేసరికి అందర్నీ రమ్మని విజిల్ వేసేశారు. దుర్గ సైకిలు గీత దగ్గరికి నడిపించుకు పోయింది. అక్కడ ముందు టైరును వేలితో నొక్కి, ఒక్క క్షణం ఆగి, అన్న వైపు చూసి నవ్వింది. ఎందుకు నవ్విందో అతనికి అర్థం కాలేదు.

పందెం మొదలైంది. తోటలోకి పోయిన సైకిళ్ళు కనబడవు. చివరి దిగుడొక్కటే కనిపిస్తుంది. వీరేంద్ర కూర్చున్నాడు, లేచాడు, నీళ్ళ సీసా మూత తీశాడు, తాగకుండానే పెట్టేశాడు.

"రాళ్ళ మలుపులో ఎవరో అమ్మాయి పడిందంట!" అన్నారెవరో.

"నంబరెంత? ఒరే, నంబరెంతో సెప్పండ్రా!"

ఎవరికీ తెలియదు. చిట్టమ్మ చీర చెంగు నోట్లో కుక్కుకుంది.

దిగుడు మీద ఎర్ర హెల్మెట్ కనబడింది. దుర్గ! ఒక్కతే! తడి రాళ్ళ మీద ముందు చక్రం అతుక్కున్నట్టు దిగుతోంది. ఆమె గీత దాటాక చాలాసేపటికి గానీ, మోచేతుల నిండా బురదతో హేమశ్రీ రాలేదు.

జగ్గారావు నేరుగా వీరేంద్ర దగ్గరికి వచ్చాడు.

"ఎంత పెట్టావు బావా గాలి? పొద్దుట్నుంచీ నీ మీటరు కేసే సూత్తన్నాను, కనబడి సావలేదు. మా పిల్ల రెండుసార్లు జారిపోనాది."

"ముప్పై రెండు."

"నన్ను ఎర్రోణ్ణి సేత్తన్నావా?" అని తన మీటరు తీసి టైరుకు పెట్టాడు. ఇరవై ఒకటి.

దుర్గ వచ్చి అన్న మెడకు చుట్టుకుపోయింది. "నన్ను తిట్టీసి, సాటుగా దింపీసావు కదా! నీ అంత దొంగోడు లేడు!"

వీరేంద్ర తల్లి వైపు తిరిగాడు. చిట్టమ్మ వెక్కి వెక్కి ఏడుస్తోంది. ఆనందం పట్టలేకపోతోంది పాపం, అంటున్నారు చుట్టూ ఉన్నవాళ్ళు.

పక్కకు తీసుకెళ్ళి గుసగుసగా అడిగాడు. "అమ్మా, నాను ఎల్లాక సైకిలు కాడికి ఎవులొచ్చారు?"

చిట్టమ్మ గుప్పిట తెరిచింది. అందులో కొన వంగిపోయిన తలపిన్ను ఉంది.

"మెత్తబడినాది ఏటికీ పనికిరాదు కదాని నానే ఈ పిన్నుతో వాల్వు నొక్కి గాలి తీసీసాను, ఓడిపోయి నాతో ఇంటికొచ్చేత్తాదనుకున్నానురా."