మేడమ్ మీద ఫిర్యాదు

ఏడేళ్ళ కూతురు స్నిగ్ధను స్కూలు మాన్పించి, ఇంట్లో తనే చదువు చెప్పాలని సాయిసుధ మంచి జీతం వదులుకుంది. ఉత్తరాదిలో, వైశాలి కాలనీలోని తమ ఫ్లాటులో పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా ఆమె మమ్మీ కాదు, మేడమ్.

ఆ రోజు ఒంటిగంట కాగానే స్నిగ్ధ వంటింట్లోకి వచ్చింది. "మమ్మీ, మేడమ్ నే బహుత్ డాంటా."

"అచ్ఛా, ఎక్కం తప్పితే తిట్టదా మరి?" సాయిసుధ నవ్వు ఆపుకుంటూ అన్నం కలిపింది.

"నన్ను మళ్ళీ స్కూల్లో వెయ్యి మమ్మీ."

"అక్కడా మేడమ్‌లు తిడతారు కదమ్మా."

"తిడితే తిట్టనీ. వాళ్ళు స్కూల్లోనే ఉండిపోతారు. ఇక్కడ మేడమ్ అన్నం పెడుతూ కూడా ఎక్కాలు అడుగుతోంది."

సాయిసుధ చేతిలో ముద్ద ఆగిపోయింది.

సాయంత్రం భర్త ఇంటికొచ్చేసరికి ఆమె అడ్మిషన్ ఫారం నింపుతోంది.

"ఏమైంది సుధా?"

"ఏం లేదండీ. మన మేడమ్ రాజీనామా చేసింది."